చెయ్యి సారు రోడ్డు దాటిన వైనం

ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోనిదే చెయ్యి సారు రోడ్డు దాటడు. ఏ పసివాడి సంగతో అనుకునేరు. బట్టతల, ఇద్దరు పిల్లల తండ్రి. పైగా ఊళ్ళో ఏ రోడ్డు ఎక్కడ కలవాలో, జనం ఎక్కడ దాటాలో గీసే ఆఫీసులో డిప్యూటీ ఇంజనీరు.

ఆయన్ని రోజూ ఆఫీసుకి దింపేది అత్తగారు. ఇల్లు రోడ్డుకి అవతల, ఆఫీసు ఇవతల. మధ్యలో ఊపిరి తిప్పుకోనివ్వని లారీలు, బస్సులు. ఆవిడ అల్లుడి మణికట్టు బిగించి పట్టుకుని, "కళ్ళు మూసుకోకండి అల్లుడుగారూ, నడవండి" అని లాక్కొచ్చేది.

"లారీ వస్తోంది అత్తయ్యగారూ."

"రానివ్వండి. నేను లేనూ?"

అల్లుణ్ణి గేటు దగ్గర ఒప్పజెప్పి, ఆ పక్కనే ఉన్న తన కుట్టుమిషను కొట్టు తెరిచేది. సాయంత్రం కొట్టు కట్టేసి, బడి వదిలే వేళ తల్లిలా మళ్ళీ గేటు దగ్గర హాజరు.

ఒకసారి ఆవిడకి జ్వరం వచ్చింది. సారు ఫోన్ చేసి, "అత్తగారికి జ్వరం, నేను ఆఫీసుకి రాలేను" అన్నాడు. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఈత రానివాడికి చెరువు అప్పజెప్పినట్టుంది మన ఆఫీసు" అన్నాడు అకౌంటెంటు.

కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయికి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆ పిల్లకి అన్నిటికీ భయమే. ఆ రోడ్డంటే భయం, చీఫ్ గారంటే మరీ భయం. హైవే మీది వంతెన ఒకటి ఆ రోడ్డు మీదికే దిగబోతోంది. దిగే చోట జనం దాటడానికి తెల్ల చారలు, మధ్యలో ఆగడానికి తిన్నె, ఒక సిగ్నలు గీసుకుని, గుండె గుప్పెట్లో పెట్టుకుని చీఫ్ గారి ముందు నిలబడింది. ఆయన అడ్డంగా కొట్టేశాడు.

"బండ్లు ఆగిపోతాయి. మెట్ల వంతెన వెయ్యండి, ఎక్కి దిగుతారు."

"పెద్దవాళ్ళు ఎక్కలేరు సార్."

"అయితే ఇంట్లో కూర్చుంటారు."

ఆ మాటకి, పక్కనే ఉన్న చెయ్యి సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒక్కసారి వచ్చి చూడండి సార్. తర్వాత మీ ఇష్టం" అన్నాడు. చీఫ్ సరేనన్నాడు.

బయటికొచ్చాక అమ్మాయి బతిమాలింది. "మీరు రాకండి సార్. మీరు బెదిరిపోతే, ఇంజనీరే దాటలేని చోట చారలెందుకంటారు. నా డ్రాయింగు చెత్తబుట్టలో పడుతుంది."

"భయపడేవాడు ఒకడుండాలి తల్లీ" అన్నాడాయన.

రోడ్డు దగ్గర చెయ్యి సారు తిన్నగా వెళ్ళి చీఫ్ గారి చెయ్యే పట్టుకున్నాడు. "ఏమనుకోకండి సార్, నాకు భయం" అని ఆయన్ని నడిరోడ్డు దాకా నడిపించాడు. వెనకాలే అమ్మాయి. అక్కడ ఆగిపోవాల్సి వచ్చింది. ముందు లారీలు, వెనక బస్సులు. గాలి విసురుకి ఒళ్ళు ఊగుతోంది. అమ్మాయికి ఇంటికి చేరతానన్న ఆశే పోయింది.

"ఎంతసేపిలా?" అన్నాడు చీఫ్, సన్నటి గొంతుతో.

"తెలియదు సార్. బండ్ల దయ."

చీఫ్ రెండో చెయ్యి కూడా ఆయనకే ఇచ్చేశాడు. కాస్త సందు దొరకగానే ముగ్గురూ పడుతూ లేస్తూ మళ్ళీ ఆఫీసు వైపు ఒడ్డుకే వచ్చిపడ్డారు. చీఫ్ గట్టు మీద కూలబడి, "ఆ తిన్నె ఇంకాస్త వెడల్పు చెయ్యండి" అని, మొహం తడుముకున్నాడు. కళ్ళజోడు లేదు. నడిరోడ్డు మీద పడి ఉంది.

చెయ్యి సారు వెళ్ళాడు. పెరట్లో ఆరేసిన బట్టలు తెచ్చేవాడిలా, లారీల మధ్య నుంచి తాపీగా వెళ్ళి, ఒంగి తీసి, తుడుచుకుంటూ వచ్చాడు. కళ్ళజోడు లేని చీఫ్ చూడలేదు. అమ్మాయి చూసింది.

చీఫ్ జీపెక్కాక అమ్మాయి అనేసింది. "సార్, మీకు భయం లేదు."

"మెల్లగా. కొట్టులోకి వినిపిస్తుంది" అన్నాడాయన. "ఆమధ్య ఇక్కడే మోటారుసైకిలు గుద్దింది అత్తగారిని. కాలు అతుక్కుంది గానీ గుండె అతుక్కోలేదు. కొట్టుకి తాళం పడింది. తోడొస్తానంటే 'నాకేం భయమా' అని కసిరేది, గుమ్మం మాత్రం దిగేది కాదు. చివరికి, 'నాకే భయమేస్తోంది, కాస్త దాటించండి' అన్నాను. గబగబా చెప్పులేసుకుంది."

"మరి ఆఫీసంతా మిమ్మల్ని చూసి నవ్వుతుంటే?"

"నవ్వనీ. మిషను తిరుగుతోందిగా."

చారలు పడ్డాయి, తిన్నె లేచింది, సిగ్నలు వెలిగింది. మొదటి రోజు ఉదయం ఆఫీసంతా కిటికీల దగ్గర చేరింది. బండ్లన్నీ బుద్ధిగా ఆగాయి. అత్తగారు అల్లుడి మణికట్టు పట్టుకుని తిన్నె దాకా వచ్చింది. కొట్టు ముందు గుడ్డల మూటతో ఒకావిడ నిలబడి, "ఎంతసేపమ్మా, నాకివాళే కావాలి" అని కేకేసింది.

"వస్తున్నానమ్మా" అంటూ అత్తగారు అల్లుడి చెయ్యి వదిలేసి, ఒక్కతే చకచకా నడిచి వెళ్ళి, కొట్టు తాళం తీసింది. ఆ తర్వాత గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. ఈలోగా సిగ్నలు మారింది. అల్లుడుగారు తిన్నె మీద ఒంటరిగా చిక్కుకున్నాడు.

"అయ్యో, ఆయనకి భయం. ఎవరైనా వెళ్ళండి" అని ఆవిడ కంగారుపడింది.

మళ్ళీ బండ్లు ఆగగానే అమ్మాయి పరుగెత్తింది. "కాస్త వణకండి సార్, ఆవిడ చూస్తోంది" అంది గొంతు తగ్గించి.

చెయ్యి సారు ఎంత బిగబట్టినా నవ్వు చెవుల దాకా పాకుతోంది. "నావల్ల కావట్లేదు తల్లీ. ఇవాళ్టికి నువ్వు వణుకు" అన్నాడు.

ఆ పిల్లకది కష్టమేమీ కాలేదు. ఇద్దరి వంతూ తనే వణుకుతూ, ఆయన్ని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి చేర్చింది.