నంబరు కింద గీత

అతనికి మా వీధి పెట్టిన పేరు సోడాబుడ్డి. కళ్లజోళ్ల షాపులో వెనక గది మనిషి. ముందు గదిలో అద్దాల బీరువాలు, వరసగా ఫ్రేములు, కళ్లు జిగేల్‌మనే లైట్లు. వెనక గదిలో ఒక బల్ల, నీళ్లు కారుతూ గిర్రున తిరిగే అరగదీసే చక్రం, దాని ముందు అతను. ముప్పై ఏళ్లుగా అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడమే అతని పని. అతని సొంత అద్దాలు మాత్రం అంచుల దగ్గర నా చిటికెన వేలంత మందం. అతనితో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. తప్పు నాదే. తప్పు నాదని ఆ రోజు ఇంకెవరైనా అని ఉంటే ఊరుకునేదాన్ని కాదనుకోండి.

నా మనవరాలికి ఎనిమిదేళ్లప్పుడు సైటు బయటపడింది. పుస్తకంలో ముక్కు పెట్టి చదివేది. బోర్డు మీది లెక్కలు పక్కపిల్లను అడిగి రాసుకునేది. కంటి డాక్టరమ్మ చూసి మైనస్ రెండున్నర అంది. ఇంత చిన్నప్పుడే వచ్చింది కాబట్టి ఏటేటా పెరుగుతుంది, ఆ పెరగడాన్ని నెమ్మది చెయ్యడమే మన చేతిలో ఉన్నది, మరీ పెరిగిపోతే పెద్దయ్యాక కంటి లోపలి పొరకే ముప్పు రావచ్చు అంది. పడుకునే ముందు కంటికొక చుక్క మందు వెయ్యమంది. రోజూ రెండు గంటలు పగటి వెలుతురులో ఆరుబయట ఆడించమంది. రాసిచ్చిన నంబరు అద్దాలే పెట్టాలంది.

మందూ, ఆటా నేను నెత్తికెత్తుకున్నాను. సాయంత్రం ట్యూషన్ పోతుందని కోడలు అడ్డం పడితే, "కళ్లు పోతే మీ ట్యూషన్ మాస్టారు తనవి ఇస్తాడా?" అని నోరు మూయించి పిల్లను మైదానానికి లాక్కుపోయేదాన్ని. అద్దాల దగ్గరే నా అతితెలివి అడ్డొచ్చింది. నిండు నంబరు పెడితే కళ్లు సోమరిపోతులవుతాయని, ఒకటి తగ్గిస్తే కష్టపడి చూసి బాగుపడతాయని మా వీధంతా నమ్మకం. డాక్టరుకు చెప్పకుండా షాపులో తగ్గించుకోవడం అందరికీ అలవాటే. షాపాయన కాదనడు. కవరు మీద నంబరు రాసి దాని కింద ఒక గీత గీస్తాడు. గీత ఉందంటే ఒకటి తగ్గించమని వెనక గదికి గుర్తు. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. రెండున్నర కింద గీత పడేదాకా కౌంటరు వదల్లేదు.

ఏడాది తిరిగాక డాక్టరమ్మ మళ్లీ చూసింది. పావు మాత్రమే పెరిగిందని సంతోషపడింది. నేను ఊరుకోవచ్చుగా? మీరు రాసినదాంట్లో ఒకటి తగ్గించి వేయించాను, అదీ సంగతి అని గొప్పగా చెప్పాను. ఆమె పిల్ల కళ్లజోడు తీసి ఒక మిషన్‌లో పెట్టి చూసింది. ఒకటిన్నర కాదు, నిండా రెండున్నరే ఉందంది. తగ్గించి పెడితే కళ్లేమీ బాగుపడవు, పిల్ల మసకలో బతకడం తప్ప, కొందరికి ఇంకా త్వరగా పెరగొచ్చు కూడా అని చెప్పింది. ఆ వేళ అదేదీ నా బుర్రకెక్కలేదు. ఎక్కింది ఒక్కటే, షాపువాళ్లు నన్ను వెర్రిదాన్ని చేశారని.

పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా షాపుకు పోయాను. అక్కడ నలుగురైదుగురు ఉన్నారు, నాకు కావలసిందీ అదే. పాత కవరు తీయించాను. గీత ఉంది. మరి అద్దం ఎందుకు తగ్గలేదని నిలదీస్తే షాపాయన వెనక గదిలోంచి సోడాబుడ్డిని పిలిచాడు. అతను తడిచేతులు నడుము గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. పొరపాటైందని పెద్దమ్మగారికి చెప్పమన్నాడు షాపాయన.

"పొరపాటు కాదండీ. తెలిసే చేశాను."

"ఈ ఒక్కదానికేనా?" అన్నాడు షాపాయన.

"పిల్లల కవరు మీద గీత ఉంటే చూడను. తొమ్మిదేళ్లయింది."

ఒక తండ్రి కొడుకు ముఖం మీది జోడు ఊడబీకి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సోడాబుడ్డి నా వైపు తిరిగాడు.

"పాపకు ఎంత పెరిగిందమ్మా?"

తిట్టడానికి తెరిచిన నోట్లోంచి "పావు" అని వచ్చింది.

"పావేనా?" అని అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి నా కోపం సగం జారిపోయింది.

తనకు ఆ వయసులో ఏడాదికి ఒకటిన్నర పెరిగిందట. ప్రతిసారీ వాళ్ల నాన్న ఒకటి తగ్గించే పెట్టించాడట. మసకలో బంతి కనబడక, దెబ్బలు తిని తిని, ఆట మానేసి ఇంట్లోనే కూర్చునేవాడట. బోర్డు కనబడక బడీ మానేశాడు. అంతా ఆ అద్దాల వల్లే అని చెప్పను గానీ నా చిన్నతనమంతా మసకే అన్నాడు. ఈ షాపులో చేరాక తన నిండు నంబరు జోడు తనే చేసుకున్నాడు. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలకు క్లిప్పులుంటాయని ఆ రోజే తెలిసిందట. నలభై దాటాక, తొమ్మిదేళ్ల కిందట, కుడికంటి లోపలి పొర ఊడింది. ఇప్పుడు ఒంటికన్నుతోనే ఈ పని.

షాపాయన కరగలేదు. ఇకనుంచి గీత ఉంటే తగ్గించిన అద్దమే పెట్టు, లేకపోతే ఈ రోజే ఆఖరు అన్నాడు. అతను బతిమాలలేదు. నడుము గుడ్డ విప్పి, మడత పెట్టి కౌంటరు మీద పెట్టాడు.

అతని ఉద్యోగం తీసింది నా నోరే. కాబట్టి మళ్లీ నా నోటికే పని చెప్పాను. కవరు లాక్కుని, అక్కడున్న పెన్నుతో ఆ గీతను కాగితం చిరిగేదాకా కొట్టేశాను.

"అడిగింది మీరే కదమ్మా," అన్నాడు షాపాయన.

"అడిగాను, తెలియక. తెలిసిన నువ్వెలా గీశావు? ఈ అబ్బాయిని పంపించావంటే, పిల్లల కళ్లు కాపాడినవాణ్ణి తరిమేశావని మా వీధిలో ఇంటింటికీ చెబుతాను. నా గొంతెంతో తెలుసుగా."

ఆయనకు బాగా తెలుసు. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, పిల్లలకు ఇక గీత లేదన్నాడు. అతని వైపు తిరిగి, కానీ దొంగచాటు పని కూడా ఉండకూడదు, అడిగినవాళ్లకు కుదరదని నువ్వే కౌంటరులో నిలబడి చెప్పుకో అన్నాడు. అది న్యాయమే. నలుగురి మధ్య తన బుడ్డి అద్దాలకు నవ్వుతారని ముప్పై ఏళ్లు వెనక గది దాటని మనిషి, ఒక్క క్షణం ఆ మడత గుడ్డను చూసి సరేనన్నాడు.

ఇప్పుడు మైదానం నుంచి వస్తూ నేనూ నా మనవరాలూ రోజూ ఆ షాపులోకి తొంగి చూస్తాం. ఎవరైనా తల్లి ఒకటి తగ్గించమంటే అతను తన కళ్లజోడు తీసి ఆమె చేతిలో పెడతాడు. "బరువు చూడండమ్మా. మా నాన్న కూడా ఇదే అడిగాడు," అంటాడు. జోడు తిరిగి ఇచ్చేదాకా అతనికి ఆమె ముఖం కనబడదు, ఒప్పుకుందో లేదో తెలియదు. కొందరు విసుక్కుని వేరే షాపుకు పోతారు. పోనీ. ఎదురుగా ఉన్నది మసకే అయినా అతను తల దించడు.