మా యారాలి కట్టె

మా యారాలు పోయి ఇరవై రెండు రోజులైంది. ఆ పొద్దున నేను వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లుతున్నాను. ఆమె కొడుకు గోడ అవతలి నుంచి వచ్చి దర్వాజ దగ్గర నిలబడ్డాడు. "పెద్దమ్మా, అమ్మ లేస్తలేదు" అన్నాడు. అంతే అన్నాడు. బకెట్టు అక్కడే పెట్టి పోయాను. చెయ్యి పట్టుకోగానే తెలిసింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనుమరాలు రాస్తున్నది. "నీ మాటలు పుస్తకం మాటలుగా రాస్త నాయినమ్మా" అంటే సరే కానిమ్మన్నాను. కానీ మా యారాలు అన్న మాటలను మాత్రం ముట్టుకోవద్దన్నాను. అవి ఎట్లా అన్నదో అట్లాగే ఉండాలి. యారాలు అంటే తెలియని వాళ్లకు చెబుతున్నాను, తోటికోడలు. మా మరిది భార్య. నలభై ఏళ్లకు పైగా ఒకే కుండలో చెంబు ముంచిన వాళ్లం.

ఇది ఎందుకు రాయిస్తున్నానో కూడా చెప్పాలి. దినాల నాడు చుట్టాలంతా విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఆమె కొడుకు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"ముసలోళ్లకు సముద్రమెందుకని మొత్తుకున్న. ఇన్నరా? కట్టె ఆడ పోగొట్టుకొని వచ్చినంకనే మా అమ్మ పడ్డది. పెద్దమ్మ తీస్కపోకుంటే ఇయ్యాల మా అమ్మ ఈడ కూసునేది."

నేను నోరు మూసుకున్నానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు, కానీ మూసుకున్నాను. తల్లి పోయిన కొడుకుతో విస్తరి ముందు కొట్లాడేంత చెడ్డదాన్ని కాను. ఇప్పుడు చెబుతాను. ఆమె ఎట్లాంటిదో, ఆ సముద్రం దగ్గర ఏం జరిగిందో మొత్తం విని, తప్పెవరిదో మీరే అనుకోండి.

నాది కృష్ణ ఒడ్డు, ఆత్మకూరు వైపు. ఏటి నీళ్లు తాగి పెరిగి ఈ నార్కట్‌పల్లి పక్క ఊరికి కోడలుగా వచ్చాను. మా యారాలిది మేనరికం, ఈ ఊళ్లోనే పుట్టింది, ఈ బావి నీళ్లే తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి తాగింది. ఆ నీళ్లు చూడడానికి అద్దంలా ఉండేవి. నాలుకకు తియ్యగా ఉండేవి. వాటిలో ఫ్లోరైడ్ ఉందని దవాఖాన వాళ్లు వచ్చి చెప్పేనాటికి ఆమె పళ్లు పచ్చబడ్డాయి, మోకాళ్లు బిగిశాయి, నడుము వంగడం మొదలైంది. నలభై దాటేసరికి ముఖం నేల వైపే ఉండిపోయింది. ఒక చెయ్యి కట్టె మీద, ఒక చెయ్యి మోకాలి మీద. నేను నిటారుగా, ఆమె వంగి, పక్కపక్కన నడిచిపోతుంటే నాకే సిగ్గయ్యేది.

ఆమెకు సిగ్గు లేదు. ఊళ్లో ఎవరి ముక్కుపుల్ల పోయినా, సూది పోయినా, ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె కళ్ల నుంచి నేల మీది వస్తువేదీ తప్పించుకునేది కాదు. "మీకు ఆకాశమిచ్చిండు, నాకు నేలిచ్చిండు. ఎవల వాటా వాళ్లది" అనేది. చెవికమ్మ దొరికిస్తే మొక్కుతున్న పిల్లతో "నాకెందుకు మొక్కుతవే, వంగిన నా నడుముకు మొక్కు" అని నవ్వేది.

ఇక ఆ కట్టె సంగతి. అది మా మరిది గొర్లు కాసిన వెదురు కట్టె. ఆయన పట్టుకుంటే తల మీదికి లేచి ఉండేది. ఆయన పోయాక ఆమె చేతికి వచ్చింది. ఆమె నడుము వంగిన కొద్దీ కట్టె పొడుగై పోయేది. అప్పుడు కొడుకు రంపంతో పైనుంచి బెత్తెడు కోసేవాడు. ఎదిగే ఆడపిల్లకు ఏటేటా లంగా మడత విప్పి పొడుగు చేస్తామే, దానికి ఎదురు పని ఇది. కోసిన ముక్కలను పారెయ్యనిచ్చేది కాదు. చెక్కించి మేకపిల్లలకు గూటాలు దిగ్గొట్టించేది. ఆ గూటాలు ఇప్పటికీ వాళ్ల దొడ్లో ఉన్నాయి.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు మా వాడకు నల్లాలు వచ్చాయి, కృష్ణ నీళ్లు వచ్చాయి. మొదటి రోజు ఆమె చెంబు పట్టుకుని ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, కళ్లు మూసుకుని మింగింది. ఏ నీళ్లయినా అట్లా రుచి చూసి ఏ బావివో చెప్పడం ఆమెకు అలవాటు.

"అక్కా, గివి నీ పుట్టింటి నీళ్లు" అన్నది. "ఇన్నేండ్లకు నీ పుట్టింటోళ్లు నా ఇంటికొచ్చిండ్రు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మాత్రం ఆలోచనలో పడింది.

"మన దిక్కు రాకముందు గీ నీళ్లు యాడికి పోయేటియక్కా?"

"యాడికి పోతయే, సముద్రంల గల్సేటియి."

"అట్లనా? గట్లయితే ఆ సముద్రాన్ని ఒక్కపారి సూడాలె. మనకు రావాల్సిన నీళ్లన్ని తాగి ఎంత బలిసిందో."

ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశాను. ఆమె వదల్లేదు. ఏళ్ల తరబడి, వాన పడితే, టీవీలో తుపాను వస్తే, "ఆ సముద్రం సంగతి ఏంజేసినవక్కా" అని అడిగేది, నేనేదో బాకీ ఉన్నట్టు. నా మనుమరాలు కారు కొనుక్కుని మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు నేనే అడిగాను. అవును, నేనే అడిగాను. శనివారం పోయి ఆదివారం రాత్రికి వద్దామని మనుమరాలు అన్నది. బాపట్ల దగ్గర సూర్యలంక.

"లంక అంటున్నవ్, రావణుడుంటడా?" అన్నది మా యారాలు.

"ఉంటే నిన్ను ఎత్తుకపోతడు చిన్న నాయినమ్మా."

"ఎత్తుకపోనీ బిడ్డా. నడిచే బాధన్న తప్పుతది."

కారులో ముందు సీటు ఆమెకే ఇచ్చాం. కూర్చుని వెనక్కి తిరిగి చూడలేని మనిషి కదా, అందుకని అద్దంలో నన్ను చూస్తూ, "కూసుంటే మనందరం ఒక్క ఎత్తేనక్కా" అన్నది. మిర్యాలగూడ దాటి వాడపల్లి వంతెన మీద కృష్ణ కనబడగానే నేను కొంగు ముడి విప్పి రూపాయి తీశాను, నీళ్లలో వేద్దామని. "ఎందుకేస్తవ్? ఇడిసిపెట్టి పోయేటోళ్లకు దారి ఖర్చు గూడ మనమే ఇయ్యాల్నా?" అని కసిరింది. రూపాయి మళ్లీ ముడేసుకున్నాను.

సూర్యలంక నెమ్మదైన ఊరు. ఎవరికీ తొందర లేదు. కుక్కలు కూడా దారికి అడ్డంగా పడుకుని కారొస్తే ఒక కన్నే తెరుస్తున్నాయి. సరుగుడు చెట్ల కింద ఒకామె ఇడ్లీలు అమ్ముతున్నది. మా మాట విని నవ్వింది.

"ఎక్కడినుంచి వచ్చారండీ? భలేగా మాట్లాడుతున్నారండీ మీరు."

"నీ ప్రతి మాటకు ఎనుక ఒక తోకున్నది బిడ్డా" అన్నది మా యారాలు. "మాది తోక లేని మాట."

ఆమె నవ్వి నవ్వి మాకు ఇంకో ఇడ్లీ వేసింది.

ఆదివారం పొద్దున సముద్రం చల్లగా, చిన్న చిన్న అలలతో ఉంది. ఒడ్డున నిలబడి ఆమె మొదట చేసిన పని ఏమిటో తెలుసా? మోకాలి మీది చేత్తో గుక్కెడు నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నది. నేను ఆపేలోపే. ఉమ్మేస్తుందనుకున్నాను. కాసేపు నోట్లోనే ఉంచుకుని అప్పుడు ఉమ్మింది.

"గీ నీళ్లు మంచియక్కా."

"పిచ్చిదానా, ఉప్పు గాదె?"

"ఉప్పే. నేను ఉప్పని నాలిక మీదనే చెప్పినయ్, తాగకుమన్నయ్. మన బాయి నీళ్లు చెప్పినయా? తియ్యగ తాగిచ్చి బొక్కలు వంచినయ్."

తిట్టడానికి వచ్చిన మనిషి సముద్రాన్ని తిట్టకుండానే వదిలేసింది. లోపలికి పోదామన్నది. మనుమరాలు వెనక నుంచి నడుము పట్టుకున్నది. నేను పక్కన. నాకు నడుము దాకా వచ్చిన నీళ్లు వంగిన ఆమెకు ఛాతీ దాకా వచ్చాయి. "జర గీ కట్టె పట్టుకో అక్కా" అని నా చేతికిచ్చింది.

ఆమె నిటారుగా నిలబడిందని చెప్పను. అబద్ధం నాకెందుకు? బిగిసిన ఎముకలు ఒక్క పొద్దు నీళ్లలో నిలబడితే తిన్నగా కావు. వంగే ఉంది. కానీ ఆమె బరువును నీళ్లు మోశాయి. మోకాలి మీది చెయ్యి మెల్లగా పైకి లేచింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. వాటితో ఏం చెయ్యాలో ఆమెకు మొదట తోచలేదు. నీళ్ల మీద అటూ ఇటూ ఆడించింది. ఇంతలో ఒక అల వచ్చి కొప్పు ఊడగొట్టింది.

ఆమె కొప్పు సంగతి మీకు చెప్పలేదు. నిలబడితే రెండు చేతులకూ పని. కూర్చుంటే పక్కకు ఒరిగిపోతుంది కనుక ఒక చెయ్యి నేల మీద ఉండాలి. అందుకని పదిహేనేళ్లుగా పొద్దున్నే గోడ దాటి పోయి ఆమె తల దువ్వి కొప్పు ముడిచింది నేనే. ఆ రోజు కూడా ఊడిన జుట్టు చూసి నేను ముందుకు జరిగాను.

"ఆగు" అన్నది.

రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, జుట్టు పట్టుకుని, మెలిపెట్టి, ఆమే ముడుచుకున్నది.

నేను చూస్తూ ఉండిపోయాను. నా చేతిలో ఏముందో నాకు గుర్తులేదు.

"నాయినమ్మా, కట్టె!" అని మనుమరాలు అరిచేసరికి అది నాలుగు బారల దూరంలో ఉంది. అల మీద లేస్తున్నది, పడుతున్నది, పోతున్నది. నేను ఉరకబోతే మా యారాలు నా కొంగు పట్టుకుని ఆపింది.

"సముద్రానికి గూడ మోకాళ్ల నొప్పులున్నట్టున్నయ్. పోనియ్."

"మరిది కట్టెనే అది!"

"పోయినయన్ని ఎతకొద్దక్కా. కొన్ని పోనియ్యాలె."

ఊరందరి పోయిన వస్తువులు వెతికిచ్చిన మనిషి ఆ మాట అన్నది.

ఇంటికొచ్చాక కొడుకు అడిగితే "అల గుంజుకపోయింది బిడ్డా" అని ఆమే చెప్పింది. ఎవరి చేతిలోంచి పోయిందో చెప్పలేదు. మంచాన పడ్డాక కూడా చెప్పలేదు. నన్ను దాచిపెట్టింది. ఇప్పుడు ఆమె లేదు కనుక నేను చెబుతున్నాను. కట్టె అల గుంజుకోలేదు. నేనే వదిలేశాను.

తర్వాత కొడుకు నల్గొండ నుంచి కొత్త కట్టె తెచ్చాడు. మెరుస్తున్నది, కింద రబ్బరు ఉంది, పైన వంపు ఉంది. ఆమెకు బెత్తెడు పొడుగు. "జర కొయ్యిరా" అన్నాను. "రేపు కోస్త పెద్దమ్మా, రంపం దోస్తు తీస్కపోయిండు" అన్నాడు. పనుల మీద ఆ రేపు రాలేదు. నెల తిరగకముందే, ఆ పొడుగు కట్టెతోనే పోయి, నీళ్లు పోసుకునే జాలాట్లో బండ మీద జారింది. తుంటి విరిగింది. దవాఖానలో ఆ ఎముక మేకు పట్టదన్నారు. రెండు నెలలు మంచంలో ఉండి పోయింది.

బిడ్డా, ఈ మాట నీకు చెబుతున్నాను. నీ రేపును నేను ఎత్తిపొడవడం లేదు. రంపం నా ఇంట్లో కూడా ఉంది. గడప పక్కన గూట్లోనే ఉంది. నేను అడగడమే చేశాను కానీ తేలేదు. కట్టె వదిలిన తప్పు నాది, రంపం తేని తప్పులో సగం నాది. కానీ తీసుకుపోవడం తప్పంటే మాత్రం ఒప్పుకోను. పంచాయతీ పెట్టినా ఒప్పుకోను.

మంచంలో ఉన్నప్పుడు ఒక పొద్దున తల దువ్వుతుంటే నవ్వింది.

"నువ్ ముడిస్తె మంచిగనే ఉంటదక్కా. గాని ఆనాడు నేను ముడుసుకున్నది ఎక్కడిదాంక ఉన్నదో ఎరికేనా?"

"ఇంటిదాంక ఉన్నది."

"సూసినవా?"

చూడకపోవడమేమిటి? తిరుగు దారంతా నేను వెనక సీట్లో కూర్చుని దాన్నే చూశాను. ఒక పక్కకు ఒరిగిపోయిన వంకర కొప్పు. ఇసుక ఎండి తెల్లగా మెరుస్తున్నది. కారు ఎగిరినప్పుడల్లా కొంచెం జారుతున్నది, ఊడడం లేదు. సరిచేద్దామని నా చేతులు దాని మీదికే పోతున్నాయి. రెండు చేతులనూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.