మందలు కలిపిన బ్లూటూత్

చేతిలో ఫోను ఉండి సిగ్నల్ లేని రోజుల రుచి ఇప్పటివాళ్లకు ఎంత చెప్పినా తెలియదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఎండాకాలం మా గొర్రెల మందను నందికొండ కాల్వల కిందికి మేపుకు తోలుకుపోయేవాణ్ణి. ఆ గుట్టల్లో టవర్ దేవుడిలాంటిది; ఉందంటారు, కనబడదు. మాకున్నదల్లా బ్లూటూత్. అవతలి మనిషి నవ్వుతున్నదీ లేనిదీ తెలిసేంత దగ్గరికి పోతే తప్ప అది కలవదు. (నాకు కావలసిందీ అదే.) మేనమామ మంద కూడా అక్కడికే వచ్చేది, వెంట మరదలు. ఆమె దగ్గర సిమ్ము లేని పాత ఫోను. పాటలు పంపుకుంటూ పంపుకుంటూ, మాటలు రికార్డు చేసి పంపుకునేదాకా వచ్చాం. ఆ ఏడు ఆమెకు చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లగాడి సంబంధం వచ్చింది. గుండె దిటవు చేసుకుని, నన్ను చేసుకుంటావా అని రికార్డు చేసి పంపాను. రేపు చెప్తానంది.

మర్నాడు మామ ఆమెను వదిలి కదలలేదు. దగ్గరికి పోయే సాకు దొరక్క, నా మందను ఆయన మందలోకి తోలేశాను. (గొర్లకాపరికి ఇంతకన్నా సిగ్గుమాలిన పని లేదు.) కలిసిన మందలను విడదీయాలంటే వీపు మీది రంగు చూసి ఎవరివి వాళ్లు లాక్కోవాలి, పూటంతా పడుతుంది. నేను కావాలనే మామ గొర్రెలను లాగుతూ, జేబులోని ఫోను చూస్తూ ఉన్నాను.

"గవి మావి అల్లుడా. నీ కండ్లు గొర్ల మీద లేవు," అన్నాడు మామ.

ఆమె జవాబు రావడం మొదలైంది, ఫోను తెర మీద గీత సగం నిండింది. అంతలో మామ విడదీసిన గొర్రెలను ముందుకు తోలమన్నాడు. ఆమె ఫోను కొంగులో దాచి నడిచింది. నేను ఫోను పైకెత్తి గొర్రెల మధ్య నుంచి ఉరికాను. (నా పొట్టేలు కూడా ఉరికింది, దానికేం అర్థమైందో.) ముప్పావు దగ్గర గీత ఆగి మాయమైంది. మధ్యలో తెగిన మాట తెరుచుకోదని అప్పుడే తెలిసింది. తెల్లారేసరికి వాళ్ల మంద కాల్వ దాటిపోయింది. నోటితో అడిగే ధైర్యం లేక, ఆమె పెళ్లిలో బంతి వడ్డించి వచ్చాను.

ఇన్నేళ్లకు మొన్న ఒక పెళ్లిలో ఆమె కనబడి, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"బాపును అడుగు, నేను నీ దిక్కే ఉంటనని ఫోన్ల చెప్పిన గద బావా. ఎందుకు రాలే నువ్వు?"

గొంగడితో పులిని కట్టేశానని ఊరిని నమ్మించిన మనిషిని నేను. ఆమెకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నీ కోతలు ఇంకా పోలేదా బావా," అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఫోను పైకెత్తుకుని గొర్రెల మధ్య ఉరికిన ఆ మనిషిని తలుచుకుంటే, నాకే నమ్మబుద్ధి కాదు.