నూకరాజు చేసిన పోలీసు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వినాయకుడంటే నూకరాజు చేసిన వినాయకుడే. మనిషి లోకో షెడ్‌లో ఖలాసీ. డ్యూటీ దిగితే చాలు, క్వార్టర్ వెనక రేకుల పందిరి కింద బంకమట్టి, గడ్డి, వెదురు బద్దలు ముందేసుకుని కూర్చునేవాడు. వినాయకుడు, దుర్గమ్మ, షెడ్‌లో పూజకి విశ్వకర్మ, ఏ పండగొస్తే ఆ దేవుడు. అందరూ చివరికి అర్పా నదిలోకే. నిమజ్జనానికి కాలనీ అంతా డప్పుల వెంట పోతే, నూకరాజు మాత్రం ఇంట్లో కూర్చునేవాడు.

"ఇన్నేళ్ళు సేసినాను గదా బాబూ, ఈ ఊళ్ళో నాదని ఒక్క బొమ్మ మిగల్లేదు," అన్నాడు నాతో ఒకసారి. నవ్వుతూనే అన్నాడు గానీ నా మనసు చివుక్కుమంది.

ఎనభై తొమ్మిది వేసవిలో బజారులో ఒక వరస దుకాణాలు అంటుకున్నాయి. పోలీసులు, ఫైర్ స్టేషన్ వాళ్ళు ప్రాణాలకు తెగించి జనాన్ని బయటికి లాగారు. ఒక్కరూ పోలేదు. వాళ్ళ గౌరవార్థం చౌరస్తాలో ఒక పోలీసు, ఒక ఫైర్ మనిషి పక్కపక్కన నిలబడ్డ సిమెంటు బొమ్మలు పెట్టాలని ఊళ్ళో కమిటీ వేశారు. తెలుగు సంఘం కార్యదర్శిని గనక నన్నూ అందులోకి లాగారు. రాయ్‌పూర్ నుంచి శిల్పిని పిలిపిద్దామని కొందరన్నారు. నూకరాజు ఉండగా ఇంకొకడెందుకని నేను మొండికేశాను. నేను మొండికేస్తే మా ఆవిడే అడ్డు రాదు, కమిటీ ఎంత?

కబురు చెప్పగానే నూకరాజు చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది.

"ఈటిని నీళ్ళల్లో కలపరు గదా బాబూ?"

"పోలీసుని నీళ్ళల్లో కలిపితే మనల్ని తీసుకెళ్ళి లోపలేస్తారు," అన్నాను.

ఇక అతని సంబరం చూడాలి. తీరా చేస్తే మొదటి పోలీసుకి తామర రేకుల్లాంటి కళ్ళు, పెదాల మీద చల్లని చిరునవ్వు వచ్చాయి. ఒక చేతిలో లాఠీ ఉంటే, రెండో చెయ్యి అభయమిస్తోంది. దొంగలు ఇతనికి దణ్ణం పెట్టుకుని మరీ పనిలోకి దిగుతారని చెప్పాను. దాంతో ఆ మొహం చెరిపేసి, ఫైర్ స్టేషన్ ఇన్‌ఛార్జి సాహూ గారిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన్ని చూస్తూ మళ్ళీ చేశాడు. సాహూ గారు నవ్వాపుకోలేక నానా అవస్థ పడ్డారు.

దిమ్మ మీద నిలబెట్టే రోజు సాహూ గారు తన స్టేషన్‌లోని దిట్టమైన మనుషుల్ని తెచ్చారు. సిమెంటు బొమ్మ కదా అని వాళ్ళు ఊపిరి బిగబట్టి ఎత్తారు. పోలీసు అమాంతం వాళ్ళ తలల మీదికి లేచిపోయాడు. ఎత్తినవాళ్ళు వెనక్కి తూలి కూలబడ్డారు. బొమ్మ మడమ దగ్గర పగిలి లోపల్నుంచి గడ్డి బయటికొచ్చింది. చౌరస్తా అంతా పగలబడి నవ్వింది.

నూకరాజు నవ్వలేదు. దేవుళ్ళని భుజాల మీద మోసుకుపోవాలి, నీళ్ళల్లో ఇట్టే కరగాలి గనక, లోపల గడ్డీ వెదురూ పెట్టడం అతనికి అలవాటు. పోలీసుకీ అదే చేసి, పైన పల్చగా సిమెంటు పూశాడు.

"సేతులు వాటి దారిన అవే సేసీసినాయి బాబూ. నాలుగు వానలకి మిగల్దు ఇది," అన్నాడు, తల దించుకుని.

రాయ్‌పూర్ మాట మళ్ళీ లేచింది. నేను నోరు పారేసుకునేలోపే సాహూ గారు నూకరాజు భుజం మీద చెయ్యి వేసి, "మళ్ళీ చెయ్యి భాయ్, ఈసారి మేమూ ఓ చెయ్యి వేస్తాం," అన్నారు హిందీలో. అన్నట్టే డ్యూటీ లేని పోలీసులు, ఫైర్ వాళ్ళు వచ్చి ఇనుప చువ్వలు వంచారు, సిమెంటు కలిపారు. నీళ్ళు ఎక్కువైతే నూకరాజు కేకలేసేవాడు. పోలీసుల మీద కేకలేసిన ఖలాసీ మా ఊళ్ళో అతనొక్కడే. రెండోసారి బొమ్మలెత్తినప్పుడు అందరికీ చెమటలు పట్టాయి. వాళ్ళ మూలుగులు వింటుంటే అతని మొహం వెలిగిపోయింది.

ఆవిష్కరణ నాటికి వానలు పట్టుకున్నాయి. ఉపన్యాసం మధ్యలోనే ధారగా కురిసింది. పెద్దలూ మేమూ దుకాణాల చూరుల కిందికి పరిగెత్తాం. నూకరాజు మాత్రం బొమ్మల ముందు అలాగే నిలబడ్డాడు. ఫైర్ మనిషి టోపీ మీంచి, పోలీసు చెంపల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి. నూకరాజు భార్య కనకం గొడుగేసుకుని అతని దగ్గరికి వెళ్ళింది.

"ఏటయ్యా, అలా తడిసిపోతన్నావు? ఇంటికెల్దాం రా."

అతను వంగి పోలీసు పాదాన్ని అరచేత్తో గట్టిగా రుద్దాడు. ఆ చెయ్యి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"సూడే. మట్టంటలేదు."

కనకం ఆ అరచేతిని తడిమి చూసింది. గొడుగు ముడిచేసి తనూ అతని పక్కన నిలబడింది.