ఎర్ర గచ్చు మీద ఆవు

జయనగరంలో అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న రోజులవి. అంతదాకా సిమెంటు తట్టలు మోసిన నాకు మేస్త్రీ మొదటిసారి తాపీ ఇచ్చాడు. ఒక బట్టలంగడి యజమాని కొత్తింటి హాలుకు ఎర్ర గచ్చు నునుపు చేయాలి. ఒక్క మచ్చ పడినా మళ్లీ తట్టే మోయాలన్నాడు మేస్త్రీ. ఆ మాట కూలీలందరి ముందూ అన్నాడు. నేను మరవలేదు.

ఎర్ర గచ్చుకు తొందర పనికిరాదు. బొటనవేలితో నొక్కి చూడాలి. వేలు దిగితే ఆగాలి, బొత్తిగా దిగకపోతే వేళ మించినట్టే. ఆ రోజు మబ్బు, చలిగాలి. సిమెంటు ఎంతకీ బిగియదు. మోకాళ్ల కింద చెక్క పలక వేసుకుని వెనక్కి జరుగుతూ, పొద్దు గూకేసరికి గడప దాకా వచ్చాను. గచ్చులో నా మొహం నాకే మసకగా కనబడింది.

అప్పుడొచ్చాడు యజమాని. పై వారం అనుకున్న గృహప్రవేశం తెల్లారితేనేనట. తర్వాత మూఢమని పురోహితుడు చెప్పాడట. ముందు ఆవు అడుగు పెట్టాలి కదా.

"గచ్చు ఇంకా పచ్చిగా ఉండాది సామీ. గిట్ట దిగుతాది" అన్నాను.

ఆయన మేస్త్రీ వైపు తిరిగి, "ఆవును ఎత్తుకోని రమ్మంటాడేమప్పా మీవాడు?" అని నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున్నే పోయి గోనెలు పరిచి, వాటి మీద పలకలు వేశాను. ఆవు పలక ఎక్కనంది. యజమాని తల్లి అవన్నీ తీయించింది. ఆవు లోపలికొచ్చి, సరిగ్గా హాలు నడుమ నిలబడిపోయింది. ఎంత అదిలించినా కదల్లేదు. కదిలాక చూస్తే మిగతా గచ్చు తట్టుకుంది గానీ, బరువు మోపిన చోట ఒక్క చీలిన గిట్ట గుర్తు, వేలు మందాన.

మేస్త్రీ పూడ్చమన్నాడు. పూడ్చనన్నాను. అతుకు రంగు కలవదు. రేపు చూసినవాళ్లు తప్పు నాదే అంటారు. గిట్ట గిట్టలాగే ఉంటే ఎవరు తొక్కారో తెలుస్తుంది. మేస్త్రీ తాపీ ఇచ్చేయమని చెయ్యి చాచాడు. నేను పిడి వదల్లేదు.

ఇంతలో ఆ ముసలావిడ వంగి, గుర్తుకు పసుపు కుంకుమ పెట్టింది.

"లక్ష్మి నిలబడిన చోటప్పా ఇది. ఎవురూ ముట్టద్దండి."

మేస్త్రీ చెయ్యి దించేశాడు. తాపీ నాకే ఉండిపోయింది. ఆవు మెడలో దండ వేశారు. మిగతా హాలంతా అద్దంలా ఉందని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు.