గుడ్డ కప్పిన మీటలు

ఆదోనిలో టైపు నేర్చుకున్నవాళ్లను ఎవరినైనా అడగండి, హబీబుల్లా సార్ గుడ్డముక్కను మరిచిపోయామనరు. నేర్చుకునేవాళ్ల చేతుల మీద దాన్ని కప్పేవాడాయన. మీటల వైపు తొంగిచూస్తే స్కేలుతో వేళ్ల మీద ఒకటి పడేది. కళ్లతో కొట్టేవాడు టైపిస్టు కాడని ఆయన వాదన. ఫ్రెంచి కంపెనీల పేర్లలో అక్షరాల నెత్తిన గీతలుంటాయి. అక్షరం కొట్టి, ఒకడుగు వెనక్కి జరిపి, దాని నెత్తినే గీత గుద్దడం ఆ ఊళ్లో ఆయనకొక్కడికే చేతనవును. దూది వ్యాపారులు అందుకే ఆయన గుమ్మం తొక్కేవారు.

చూపు మసకబారి, అక్షరాలు ఆనక నాలుగేళ్లయిన సంగతి మాత్రం భార్య లాలాబీకి తప్ప మూడో మనిషికి తెలియదు. "మీరు చదవండి, నేను కొడతా" అనేవాడు. జనం అది దర్జా అనుకున్నారు, పిచ్చివాళ్లు.

తొంభై అయిదు నాటికి గిరాకీ ఎండాకాలం హగరి ఏరులా ఇంకిపోయి ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఊళ్లో ఒక పత్తి జిన్నింగు మిల్లులో కంప్యూటరు పెట్టారు. ఆ మిల్లు మేనేజరు ఈరప్ప ఆయన శిష్యుడే. శుక్రవారం వచ్చి ఫ్రాన్సుకు పోయే ఉత్తరమొకటి కొట్టి చూపిస్తే పని ఇస్తానన్నాడు. అది దక్కకపోతే యాభై ఆరేళ్ల మనిషిని ఇంకెవరు పిలుస్తారు?

కంప్యూటరులో గీతతో ఇంగ్లీషు 'ఈ' అక్షరం రావాలంటే ఎడమచేత్తో ఆల్ట్ మీట నొక్కిపట్టి, కుడిపక్కన విడిగా ఉన్న అంకెల్లో ఒకటి, మూడు, సున్నా కొట్టి వదలాలట. పైవరుస అంకెలు పనికిరావట. ముప్పై ఏళ్లు పనిచేసిన వేళ్లకు అది ఎరుగని చోటు. ఈరప్ప గీసిచ్చిన మీటల బొమ్మ చూసి లాలాబీ చాప మీద అదే వరుసలో చింతగింజలు పేర్చింది. నాలుగు రోజులు ఆయన వాటినే తడిమాడు. అన్నం ముందు కూర్చున్నా వేళ్లు కంచం అంచున ఒకటి, మూడు, సున్నా కొడుతూనే ఉన్నాయి. లాలాబీ ఆ వేళ్లను పట్టి ఆపింది. ఈరప్పకు నిజం చెప్పేయమంది.

"సెప్తే పనీ పోతాది, పరువూ పోతాది" అన్నాడాయన.

శుక్రవారం ఈరప్ప చదివాడు, ఆయన కొట్టాడు. అంకెల నడుమ అయిదు మీద చిన్న పొక్కు వేలికి తగిలి పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కణ్నుంచి ఒకటి ఎటో, మూడు ఎటో వేళ్లే వెతుక్కున్నాయి. తెర మీద ఏం పడుతోందో మాత్రం అల్లాకే ఎరుక. ఉత్తరం ముగిశాక ప్రింటరు కీచుమంటూ కాగితాన్ని కక్కింది. ఈరప్ప దాన్ని తను చూడకుండానే ఆయన చేతికిచ్చి, ఒకసారి చదివి చూడమన్నాడు.

హబీబుల్లా గొంతు సవరించుకున్నాడు. విన్నదంతా గుర్తుంది కనుక మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చదివాడు. అంతటితో ఊరుకోక, "ఈ గీత బాగా నిలబడింది" అని వేలు కూడా పెట్టి చూపించాడు.

ఈరప్ప వంగి ఆ వేలి కింద చూశాడు.

"సార్, ప్రింటరు రిబ్బను ఎండిపోయినట్టుంది. దాంట్లో ఒక్క అచ్చరమూ పడలేదు."

ఆయన కాగితం మీంచి వేలు తీసేశాడు. ఇక ఒక్క క్షణం కూడా అక్కడ ఉండలేననిపించింది. లేచి, చెప్పుల కోసం కాలితో నేలంతా తడుముకున్నాడు. ఈరప్ప భుజం పట్టి కూర్చోబెట్టాడు. తెరవైపు వంగి ఉత్తరమంతా తానే చదివి, గీతలన్నీ వాటి వాటి చోట్లే ఉన్నాయన్నాడు. తర్వాత జేబులోంచి చేతిరుమాలు తీసి, ఆయన చేతులను మీటల మీద పెట్టి, వాటి మీద కప్పాడు.

"ఇంగో ఉత్తరం ఉండాది సార్. నేను సదువుతా, మీరు కొట్టండి."