మామా గుడారంలో వైరు లేని ఫ్యాను

కొత్తగా నర్సింగు పాసైన రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియనివన్నీ తర్వాత తీరిగ్గా, ఒక్కొక్కటిగా వచ్చి పలకరిస్తాయి. నన్ను అలా మొట్టమొదట పలకరించింది ఒక ఫ్యాను. కరోనా కాస్త నెమ్మదించి, మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగుతున్న కాలమది. కాకినాడ దగ్గర మా ఊరి నుంచి దుబాయ్ వచ్చాను (వచ్చింది షార్జాకే, కానీ మా ఊళ్ళో వాళ్ళకి ఈ వైపున్నదంతా దుబాయే). ఏదో పెద్ద ఆసుపత్రిలో నేను వార్డంతా చక్రం తిప్పేస్తున్నానని మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పేసింది. తీరా వచ్చాక నన్ను ఒక పెద్దావిడకి ఇంటి నర్సుగా వేశారు. ఆ మాట అమ్మకి చెప్పడానికి నోరు రాలేదు. వార్డు ఎలా ఉందే అని అడిగినప్పుడల్లా, బాగుందమ్మా, పేషెంట్లు తక్కువ, అనేదాన్ని. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళంతా పెద్దావిడని మామా అని, అంటే అమ్మా అని, పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను (ఫోన్లో అది విన్న మా పిన్ని, ఎవరే ఆ మావయ్య, అని కంగారుపడి మళ్ళీ ఫోన్ చేసింది). మామా చిన్నతనమంతా ఎడారి గుడారాల్లోనే గడిచిందట. అందుకని చలికాలం రాగానే షార్జాలో మేడ వదిలేసి, సజ్జా అనే చోటున్న ఫ్యాక్టరీలు దాటి ఇంకా లోపలికి, ఇసుక మధ్యనున్న తమ తోటకి వెళ్ళిపోయేది. అక్కడ మేకలు, రెండు ఒంటెలు, ఒక పెద్ద గుడారం. ఆ ఏడాది మాత్రం ఇంట్లో గొడవైంది. అంతకుముందు చలికాలంలో ఆవిడకి నెమ్ము చేసి ఆసుపత్రి దాకా వెళ్ళింది కనక కూతుళ్ళందరూ వద్దన్నారు. మధ్యలో కొడుకు ఒక మాట చెప్పి రాజీ కుదిర్చాడు. ఆయన ఏదో ఆఫీసులో మేనేజరు, మేమంతా అరబ్బీలో ముదీర్ అనేవాళ్ళం. ఆయన శుక్రవారం శుక్రవారం సాయంత్రం స్వయంగా వచ్చి గుడారంలో కూర్చుని చూస్తాడు. చలి ఉందనిపిస్తే ఆ పూటే మామాని కారెక్కిస్తాడు, ఆ తర్వాత గుడారం మాటే ఎత్తకూడదు. మామా ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది.

నా మనసులో మాట చెప్పాలంటే, ఆ కారు ఎంత తొందరగా వస్తే అంత మంచిదనుకున్నాను. షార్జాలో ఉంటే రోలా అనే పేట దగ్గరే. అక్కడ మా జిల్లా నర్సులు కొందరు ఒక ఫ్లాటులో కలిసి ఉండేవారు. సెలవు రోజున వెళ్తే చేపల పులుసు, ఊరి కబుర్లు, అందరి మీదా చాడీలు. ఇక్కడ, మామాతో వచ్చిన ఈ తోటలో, ఫోను సిగ్నలు కావాలంటే ఇసుక దిబ్బ ఎక్కాలి. ఎక్కాక మేకలు కూడా నాతోపాటు ఎక్కి, నేనేం మాట్లాడతానో విందామన్నట్టు నిలబడేవి.

మొదటి శుక్రవారం ఇంకా రాకముందే ముదీర్ షార్జా నుంచి ఒక డబ్బా పంపించాడు. తెచ్చింది డ్రైవరన్న. జగిత్యాల వైపు మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. ఎడారిలో నాతో తెలుగు మాట్లాడే ఏకైక ప్రాణి. డబ్బా విప్పితే నల్లగా, బరువుగా, చిన్న ఫ్యాను. గుడారం మధ్యలో కట్టెలతో మండే ఇనప పొయ్యి ఉంది, దాని పొగగొట్టం పైకప్పులోంచి బయటికి పోతుంది. ఆ పొయ్యి మీద ఈ ఫ్యాను పెట్టాలని డబ్బా మీద బొమ్మ. డ్రైవరన్న దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కింద పైన తడిమి, చివరికి తేల్చేశాడు.

"వైరు లేదు, బ్యాటరీ లేదు. పైసలు తీస్కొని సగం సామానే పంపిండ్రు చెల్లె."

వైరు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమన్నాను నేను. బొమ్మలో ఉన్నట్టు ముందు పొయ్యి మీద పెట్టి, వైరు సంగతి తర్వాత తేల్చుకుందామనుకున్నాం. ముగ్గురం టీ తాగుతున్నాం. పొయ్యి బాగా రాజుకుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ ఫ్యాను రెక్క ఒకసారి ఊగింది, ఆలోచించుకుంది, తిరగడం మొదలుపెట్టింది. మామా బిస్మిల్లా అంది. డ్రైవరన్న ఎములాడ రాజన్నని తలుచుకున్నాడు. నేను ప్రభువా అని రెండు అడుగులు వెనక్కి వేశాను. ఒక చిన్న ఫ్యాను మీదికి ముగ్గురు దేవుళ్ళని ఒకేసారి పిలిచాం. (అడుగు వేడిగా, తల చల్లగా ఉంటే ఆ తేడాలోంచే దానికి కరెంటు పుడుతుందని చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి భయం పోయి అలవాటైపోయింది.)

ఆ ఫ్యాను మామా మంచం వైపు తిరిగి ఉంది. నాలోని నర్సు ఉలిక్కిపడింది. చలికాలంలో, నెమ్ము చేసిన పెద్దావిడకి ఎదురుగా ఫ్యాను గాలా? పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన ఫ్యాన్లన్నీ చల్లదనం కోసం వేసుకున్నవే. పిల్లకి జలుబు చేస్తే మా ఇంట్లో మొట్టమొదట ఆపేది ఫ్యానే. నాలుగేళ్ళు చదివిన చదువు కూడా ఈ విషయంలో మా నాయనమ్మ పక్షమే. మామా అయితే అప్పటికే దుప్పటి ముసుగు కప్పేసుకుంది. గుడ్డ పట్టుకుని ఫ్యానుని అటువైపు, గుమ్మం దగ్గర అతిథులు కూర్చునే పరుపుల వైపు తిప్పేశాను. డ్రైవరన్న మెచ్చుకున్నాడు. ఇది వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను లెక్కనే, లోపలి చలిని గుంజి బయటికి కొడ్తది అని వివరించాడు. వినడానికి చాలా సబబుగా ఉంది. నేను మామాకి నాకొచ్చిన హిందీ, ఆవిడకొచ్చిన హిందీ కలిపి అదే చెప్పాను. చలి బయటికి పోతోందని ముగ్గురం సంతోషించాం. ఆ రెండు మూడు రోజులు మామాకి దుప్పట్లు మాత్రం పెరుగుతూ వచ్చాయి. ఎడారి చలి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

శుక్రవారం చీకటి పడేవేళకి ముదీర్ వచ్చాడు. తెల్లటి పొడుగు చొక్కా, ఇక్కడ కందూరా అంటారు, మడత నలగకుండా వచ్చి అతిథుల పరుపు మీద కూర్చున్నాడు. మామా అవతల మంచం మీద మెడ దాకా దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటకమనకుండా దవడ బిగించుకుని ఉంది. అమ్మా, చలా? అని అడిగాడు. తమామ్, అంతా బాగుంది, అంది మామా. ఆ ఒక్క మాటకే గొంతు వణికింది. ఆయన నా వైపు తిరిగి ఇంగ్లీషులో నన్నడిగాడు. రోలా, చేపల పులుసు, ఫ్లాటులో కబుర్లు, అన్నీ నా నాలుక చివర ఉన్నాయి. ఒక్క ముక్క నిజం చెబితే గంటలో కార్లో ఉంటాను. మామా నన్ను బతిమాలుతున్నట్టు చూడలేదు. అసలు నన్ను చూడనే లేదు. గుడారం తెర సందులోంచి బయట మేకల్ని చూస్తోంది, రైలు కదిలాక కిటికీలోంచి మనవాళ్ళని చూసినట్టు. "తమామ్ సార్" అన్నాను. ఎందుకన్నానా అని అదే క్షణంలో నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

ఆయన మా ఇద్దరి మాటా నమ్మినట్టు లేడు, కానీ ఈలోగా ఆయన నుదురు మెరవడం మొదలైంది. రుమాలు తీసి తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. తల మీద గుడ్డ తీసి పక్కన పెట్టాడు. టీ వద్దని చల్లటి నీళ్ళు అడిగాడు. కందూరా వీపుకి అతుక్కుపోయింది. కాసేపు ఆ పొయ్యినీ దాని మీది ఫ్యానునీ చూశాడు. తర్వాత ఫోను తీసి పెద్దక్కగారికి చేసి, ఇక్కడ చెమటలు కారిపోతున్నాయి, అమ్మ గురించి బెంగపడకండి, అన్నాడు. ఆ మాత్రం అరబ్బీ నాకప్పటికే వచ్చు. మమ్మల్ని ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆయన తాగిన గ్లాసు తీద్దామని వెళ్ళి ఆ పరుపు మీద కూర్చున్నాను. కూర్చున్నదాన్ని మళ్ళీ లేవబుద్ధి కాలేదు. వెచ్చగా, హాయిగా, మా ఊళ్ళో వేసవి మధ్యాహ్నంలా ఉంది. అప్పుడు వెలిగింది నాకు. ఫ్యాను చల్లదనాన్ని ఇవ్వడం లేదు, ఉన్నదాన్ని మోసుకెళ్తోంది. పొయ్యి దగ్గరున్నది వేడి కనక వేడినే మోసుకెళ్తోంది. నేను, బీఎస్సీ నర్సింగు ఫస్టు క్లాసు, పేషెంటుని చలికి వదిలేసి గుమ్మానికి కాపడం పెడుతున్నాను. పరుగున వెళ్ళి ఫ్యానుని మామా వైపు తిప్పాను. కాసేపటికి ఆవిడ ఒక దుప్పటి తీసేసింది, ఆ తర్వాత ఇంకొకటి. విషయం చెబితే దగ్గొచ్చేదాకా నవ్వింది. ఎగ్జాస్టు మాట గుర్తు చేస్తే డ్రైవరన్న, "నేనెప్పుడన్న? నువ్వే తిప్పినవ్ గద" అని ఒంటెలకి మేత వేసే పని మీద వెళ్ళిపోయాడు.

నవ్వు ఆగాక మామా మాత్రం ఆలోచనలో పడింది. పొయ్యి ఒక్కటి, ఫ్యాను ఒక్కటి, గుడారం పెద్దది. వేడి తనకి వస్తే గుమ్మం దగ్గర కూర్చునే కొడుక్కి చలి తగులుతుంది. చలి తగిలితే కారు. అందుకని ఆవిడే ఏర్పాటు చెప్పింది. మిగతా రోజులన్నీ ఫ్యాను తన వైపు. శుక్రవారం దూరంగా కారు లైట్లు కనబడగానే మాత్రం, "యల్లా, ఘుమావ్" అనేది. నేను తిప్పేదాన్ని. ఆ గంటసేపూ ఆవిడ వణుకు బిగబట్టుకునేది, అవతల ఆయన తడిసి ముద్దయ్యేవాడు, వెళ్ళే ముందు అక్కగారికి ఫోన్ చేసి చెమటల సంగతి చెప్పేవాడు. కారు కదలగానే నేను ఫ్యానుని ఇటు తిప్పి, మామా చేతులు నా చేతుల్లో పెట్టుకుని రుద్దేదాన్ని. అంత పెద్ద ఆఫీసుని నడిపే మనిషిని ఒక ముసలావిడా, ఓ కొత్త నర్సూ కలిసి బోల్తా కొట్టించామని మా ఇద్దరికీ గర్వంగా ఉండేది. రోలా వెళ్ళాలన్న కోరిక ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

చలి తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, మామా ఇక పది రోజుల్లో ఇంటికి వెళ్ళిపోతుందనగా, ముదీర్ ఒక శుక్రవారం కాస్త ముందుగా వచ్చాడు. ఆ వేళ కందూరా మరీ తెల్లగా ఉంది, గుడారమంతా అత్తరు వాసన. ఫ్యాను ఎప్పటిలాగే ఆయన పరుపు వైపు తిరిగి సిద్ధంగా ఉంది. ఆయన కూర్చోలేదు. జేబులోంచి రుమాలు తీసి, పొయ్యి దగ్గర వంగి, ఫ్యాను మెడ జాగ్రత్తగా పట్టుకుని తల్లి వైపు తిప్పాడు. అప్పుడు వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

"సారీ సిస్టర్, ఇవాళ ఇట్నుంచి ఇటే పెళ్ళికి వెళ్ళాలి. బట్టలు తడిస్తే బాగోదు," అన్నాడు.

మామా ముసుగు ముఖం మీదికి లాక్కుంది. ముసుగు లోపల భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన ఏమీ ఎరగనట్టు టీ అడిగి తాగాడు. అక్కగారికి ఫోన్ చేసి, ఇక్కడ బాగా వేడిగా ఉంది, అని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఫోను పట్టుకోని చెయ్యి చంకలో దాచుకునే ఉన్నాడు.

ఇప్పుడు నేను నిజంగానే ఒక ఆసుపత్రిలో వార్డు చూస్తున్నాను, మా అమ్మ చెప్పిన మాట ఆలస్యంగా నిజమైంది. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు ఒకరి ఆలస్యాన్ని ఇంకొకరు కప్పిపుచ్చుతూ, ఫార్మసీకి వెళ్ళింది సిస్టర్, ఇప్పుడే వస్తుంది, అని నాకు కథలు చెప్పి, నన్ను నమ్మించేశామని ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్తుంటారు. ఆ నడకలో నన్ను నేను చూసుకుంటాను. అవునా, సరేలే అంటాను. నమ్మినట్టు కూర్చోవడం ఎంత చెమట పట్టించే పనో వాళ్ళకి ఇంకా తెలియదు.